మాటలు పోయిన శోకం

పటాన్‌చెరు పక్కన ఐరిష్ సంగీతం వాయించే బృందం ఒకటి ఉండేదంటే ఎవరూ నమ్మరు. ఉండేది. మేం నలుగురం.

దానికి కారణం డెక్లన్. ఐర్లండ్ నుంచి వచ్చిన ఇంజనీరు. ఇక్కడి మందుల ఫ్యాక్టరీలో కొత్త యంత్రాలు బిగించే పని మీద వచ్చి రెండేళ్లు దాటి ఉన్నాడు. నేను టౌన్‌షిప్‌లో పిల్లలకు వయొలిన్ నేర్పుతాను. ఒకరోజు వీధిలో పోతూ మా పాఠం విని, గేటు దగ్గర నిలబడి, మా దేశపు పాటలు దీని మీద వాయిస్తావా అని అడిగాడు. సరళీ స్వరాలతో విసిగిపోయిన రోజది. సరే అన్నాను.

తర్వాత ప్రవీణ్ వచ్చాడు. భానూర్ కుర్రాడు, మెషిన్ షాపులో పని, చేతిలో పాత మాండలిన్. పెళ్లయ్యాక భార్య మహితను తీసుకొచ్చాడు. కొద్ది వారాల్లోనే ఆ పిల్ల మా అందరినీ దాటిపోయింది. టిన్ విజిల్ అని, ఆరు రంధ్రాల రేకు పిల్లనగ్రోవి ఉంటుంది. డెక్లన్ తనది ఆమెకిచ్చేశాడు. మందుల కంపెనీ ల్యాబులో పొద్దంతా నిలబడి పనిచేసి వచ్చి కూడా, అది నోటికి పెట్టుకుంటే ఆ పిల్ల ముఖంలో అలసట ఉండేది కాదు.

నాలుగో మనిషి చంద్రకాంత్. కాజీపల్లిలో సెక్యూరిటీ ఏజెన్సీ నడుపుతాడు. మాకు డప్పు ఆయనే. ఆ దేశపు డప్పుకు ఏదో వేరే పేరుంది, ఒక చేత్తో పట్టుకుని చిన్న కర్రతో కొడతారు. "పేరేదైతే ఏంది, తోలు తోలే గద" అనేవాడు చంద్రకాంత్.

డెక్లన్ తన దేశం వెళ్లిపోయాక కూడా మేం మానలేదు. ఆదివారం మధ్యాహ్నాలు కాజీపల్లిలో మూతపడిన ఒక రంగుల కంపెనీలో కూర్చునేవాళ్లం. దానికి కాపలా చంద్రకాంత్ మనుషులదే కాబట్టి తాళాలు ఆయన దగ్గరుండేవి. వెనకవైపు క్యాంటీన్ హాలు. పొడవాటి సిమెంటు బల్లలు, గోడ వెంట చేతులు కడుక్కునే తొట్లు, పైన రేకులు. అక్కడ వాయిస్తే శబ్దం నాలుగు గోడలూ తిరిగి మళ్లీ మన దగ్గరికి వచ్చేది. నలుగురం వాయిస్తే పదిమంది ఉన్నట్టు వినపడేది. అది మాకు ఇష్టంగా ఉండేది.

జూలైలో ఒక ఆదివారం. పొద్దుటి నుంచీ వాన. కరెంటు లేదు. కాజీపల్లిలో వాన పడితే మట్టి వాసన రాదు. నేలలోంచి ఘాటైన వాసన ఏదో లేస్తుంది. పుల్లగా, ముక్కు లోపల అంటుకునేలా. హాల్లో ఆ రోజు అది మరీ ఎక్కువగా ఉంది. కిటికీల్లోంచి బూడిద వెలుతురు పడుతోంది. రేకుల మీద వాన ఒకే తీరున కొడుతోంది.

రెండు మూడు జిగ్‌లు వాయించాం. జిగ్ అంటే మూడేసి దెబ్బల లెక్క, మన తిశ్రనడకే, కాళ్లు వాటంతట అవే ఆడతాయి. అవి అయ్యాక మహిత ఫోన్ తీసింది.

"ప్రియక్కా, డెక్లన్ సారు పంపిన కొత్త పాట విన్నవా? నాకైతే వారం సంది చెవుల్ల అదే తిరుగుతున్నది."

విన్నాను. వాళ్ల ఊళ్లలో పూర్వం ఎవరైనా చనిపోతే ఆడవాళ్లు శవం చుట్టూ కూర్చుని పాడిన పాట అట. దానికి తాళం లేదు, ఊపిరి ఎంతసేపు ఉంటే స్వరం అంతసేపు. పాడిన ముసలమ్మలు పోయారు, మాటలు వాళ్లతోనే పోయాయి, వరస మాత్రం మిగిలింది, అని డెక్లన్ చెప్పాడు.

"మా నాయనమ్మ గిట్లనే శోకం పెడ్తది," అన్నాడు ప్రవీణ్. "ఎవలింట్ల పీనుగ లేసినా ఆమెనే పిలుస్తరు. అచ్చం గిదే వరస."

"మరి గాళ్లకు మాటలు పోయినయ్, మనకున్నయ్ గద," అని మహిత నవ్వింది.

చంద్రకాంత్‌కు నచ్చలేదు. "చావు పాట ఎందుకు చెల్లె, మంచిగ ఇంకో జిగ్ కొట్టుకోక."

"ఒక్కసారి అన్నా. ఒక్కటే."

తాళం లేని పాటకు డప్పు అక్కర్లేదు. చంద్రకాంత్ దాన్ని బల్ల మీద పెట్టి గోడకు ఆనుకున్నాడు. మహిత మొదలుపెట్టింది. ఆమె వెనక నేను, నా వెనక ప్రవీణ్.

మొదటిసారి బాగా వచ్చింది. ఎంత బాగా అంటే, చివరి స్వరం గోడల్లో తిరిగి ఆరిపోయేదాకా ఎవరం మాట్లాడలేదు. ఇలాంటి పాటను ఇంకోసారి ఎత్తుకోవడం మా అలవాటు. ఎత్తుకున్నాం.

రెండోసారి సగంలో ఉండగా తొట్ల వెనక, గోడ అవతల నుంచి ఒక గొంతు కలిసింది.

మెల్లగా. ఆడగొంతు. ముక్కులోంచి తీస్తున్నట్టు... మా వరసతోనే నడుస్తోంది. గోడల్లోంచి తిరిగొచ్చిన మా శబ్దమే అనుకున్నాను. కానీ తిరిగొచ్చే శబ్దం వెనక పడుతుంది. ఇది మాకన్నా ముందు నడుస్తోంది. నేను వాయించబోయే స్వరం అక్కడ ముందే వినపడుతోంది.

చంద్రకాంత్ గోడ వదిలి నిలబడ్డాడు. "ఎవలు ఆడ?"

పాట ఆగలేదు.

"సూసొస్త. మీరు ఆపుండ్రి." ఆయన వెనక తలుపు తీసుకుని వానలోకి వెళ్లాడు.

ఆపుదామనుకున్నాను. తీగల మీంచి కమాను ఎత్తాలి, అంతే. అది వెనక్కీ ముందుకీ పోతూనే ఉంది. మొదట నాకేమీ వింతగా అనిపించలేదు, పాట మధ్యలో ఉన్నాం కదా అనుకున్నాను. మళ్లీ ప్రయత్నించాను. చెయ్యి నాదే. భుజంలో లేస్తున్న నొప్పీ నాదే. ఆపడం మాత్రం నా వల్ల కాలేదు.

ప్రవీణ్ వైపు చూశాను. అతను తన వేళ్లకేసి చూసుకుంటున్నాడు, అవి ఎవరివో అన్నట్టు.

"అక్కా..." అన్నాడు చాలా చిన్నగా. "ఆగుతలేవు."

మహితకు మాట్లాడే వీల్లేదు. విజిల్ నోట్లో ఉంది. ఆమె కళ్లు మాత్రం మా ఇద్దరి మధ్యా తిరుగుతున్నాయి. ఊపిరి తీసుకోవడానికి కూడా పాట ఆమెకు సందివ్వడం లేదు. మెడ మీద నరాలు తేలాయి.

మూడోసారి మొదలైంది. మేం మొదలుపెట్టలేదు.

ఇప్పుడు ఆ గొంతు లోపలుంది. తొట్ల దగ్గర... తర్వాత బల్లల మధ్య. మనిషి లేదు. తడిసిన జుట్టు వాసన, దాని వెనక ఊదుబత్తి పొగ వాసన. ఆ ఘాటు వాసనంతా ఎటో పోయింది. గొంతుకు మాటలొచ్చాయి. దూరపు భాష కాదు. ఇక్కడి మాటలే.

"ఓ బిడ్డా... కడుపుల పెట్టుకొని సాదుకుంటి గదనే బిడ్డా... ఒంటి కాలుకు సెప్పు తొడిగి యాడికి వోతివే బిడ్డా... ఇంకో సెప్పు నీళ్లల్ల తేలుతున్నది బిడ్డా..."

వెనక తలుపు దగ్గర చంద్రకాంత్. నిలువునా తడిసి ఉన్నాడు. బయట ఎవరూ లేరని ఆయన ముఖమే చెప్పింది. పరిగెత్తుకొచ్చి మహిత చేతుల్లోంచి విజిల్ లాగేశాడు.

విజిల్ ఆయన చేతిలోకి వచ్చింది.

స్వరం ఆగలేదు. అది మహిత గొంతులోంచి వస్తోంది. నోరు తెరుచుకుని ఉంది. కళ్లనిండా నీళ్లు. తలను అడ్డంగా ఊపుతోంది... నేను కాదు, నేను కాదు అన్నట్టు.

"అందరికి వెలుగొచ్చిన ఏళ... నువ్వొక్కదానివే ఆరిపోతివా బిడ్డా... ఓ మహితా... ఓ నా మహితా..."

పేరు వినపడగానే నా చెయ్యి జారి ఒళ్లో పడింది. మహిత ముందుకు తూలింది. ప్రవీణ్ పట్టుకున్నాడు. హాల్లో మళ్లీ వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

ముందు తేరుకున్నది ప్రవీణే. మహిత ముందు మోకాళ్ల మీద కూర్చుని ఆమె కాళ్ల చెప్పులు రెండూ ఊడదీశాడు. వాటిని హాలు చివరకు విసిరేశాడు.

"చెప్పులే లేకపోతే ఒంటి చెప్పు ఎట్లుంటది?" అన్నాడు. "నడువుండ్రి. ఇంటికి వోదాం. నీళ్లు లేని తొవ్వల తీసుకపో అన్నా."

చంద్రకాంత్ కారులో ఎక్కాం. వాయిద్యాలు తీసుకోవాలని కూడా ఎవరికీ తోచలేదు. డప్పు బల్ల మీదే ఉండిపోయింది. మహితను వెనక సీటులో మా ఇద్దరి మధ్యా కూర్చోబెట్టుకున్నాం. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది, కానీ నాడి గట్టిగా కొట్టుకుంటోంది. ఆ దెబ్బల్ని వాళ్లుండే ఇస్నాపూర్ వచ్చేదాకా వేళ్ల కింద వింటూనే ఉన్నాను.

దారిలో కల్వర్టు కనపడితే చంద్రకాంత్ వెనక్కి తిప్పేవాడు. రోడ్డు మీద నీళ్లుంటే దిగి, లోతు చూసి, మళ్లీ ఎక్కేవాడు. లారీ ఎదురొస్తే పక్కకు తీసి ఆపేసేవాడు. ఎవరూ తొందరపెట్టలేదు.

ఇస్నాపూర్ చేరాం. ఏమీ కాలేదు. వాళ్ల అద్దె గది ముందు కారు ఆగితే చంద్రకాంత్ స్టీరింగు మీద తల ఆనించి కాసేపు అలాగే ఉన్నాడు.

ఇంటి ఓనరు అరుణమ్మ కింద వాటాలో ఉంటుంది. మమ్మల్ని చూసి కంగారుపడి లోపలికి పిలిచింది. "గిట్ల తడిసిన్రేంది? కూసోండ్రి, చాయ్ పెడ్త." వీధంతా కరెంటు లేదు. ఇంకా పొద్దు ఉంది, వరండాలో మనిషి ముఖం కనపడేంత వెలుతురు ఉంది. వాన సన్నబడింది. పక్క గదుల్లో ఒడిశా కుర్రాళ్లు ఫోన్‌లో హిందీ పాట పెట్టుకుని నవ్వుకుంటున్నారు. గిన్నెల చప్పుడు, అల్లం వాసన. ఇంతసేపూ బిగబట్టిన ఊపిరి వదిలాను.

మహిత ముఖంలోకి కూడా రంగు వచ్చింది. చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని నా వైపు వంగి, ఎవరికీ వినపడకుండా అంది.

"వెలుగొచ్చిన ఏళ అన్నది గద అక్కా. అంటే తెల్లారినంక. ఇంక శాన టైమున్నది నాకు."

"అట్లా అనకు," అన్నాను.

"నిజంగ. తెల్లారేదాక మీరందరు నా పక్కనే కూసోండ్రి. తెల్లారినంక గూడ కూసోండ్రి." కొంచెం నవ్వింది. "కాళ్లు కడుక్కొస్త. బురదంత ఉన్నది."

ఉత్త కాళ్లతో పరిగెత్తింది కదా, పిక్కల దాకా బురద. పెరట్లో బాత్రూము, దాని పక్కనే బోరు మోటారు. పెరడంతా వాన నీళ్లు నిలిచి ఉన్నాయి, చీలమండ మునిగేంత. ప్రవీణ్ కూడా లేచాడు. "నేను వస్త. ఒక్కదానివి పోవద్దు." అతను గుమ్మం మెట్టు మీద నిలబడ్డాడు. ఆమె ఒక అడుగు దించింది.

వంటింట్లోంచి అరుణమ్మ అరిచింది. "ఉత్త కాళ్లతోని దిగకు బిడ్డా, గాజు పెంకులున్నయ్ ఆడ. నా సెప్పులేసుకొని పో."

మహిత వేసుకుంది. అరుణమ్మ లావుపాటి మనిషి. ఆ చెప్పులు మహిత పాదాలకు చాలా పెద్దవి.

నేను వరండాలోంచి చూస్తున్నాను. చాయ్ గ్లాసు చేతిలో ఉంది. మహిత నీళ్లలో నడుస్తోంది. గోడ వారగా మోటారు దగ్గరికి. రెండో అడుగులోనో మూడో అడుగులోనో ఎడమకాలి చెప్పు జారింది. అది నీళ్ల మీదికి లేచి, తిరిగి తిరిగి, గోడ వైపు పోసాగింది. మహిత వంగి దాని కోసం చెయ్యి చాపింది.

ఒంటి కాలికి చెప్పు.

నాకు అర్థమైంది. నోరు తెరిచాను. మహితా అని పిలవాలి. అంతే. గొంతులో గాలి తప్ప ఏమీ లేదు. పక్కన చంద్రకాంత్ కూడా లేచి నిలబడ్డాడు. ఆయనకూ అర్థమైంది. ఆయన నోరు కూడా తెరిచే ఉంది.

వీధి చివర నుంచి పిల్లల కేకలు వినపడ్డాయి.

"కరెంటొచ్చిందీ..."

వరుసగా ఇళ్లన్నీ వెలిగాయి. వరండాలో ట్యూబులైటు రెండుసార్లు కొట్టుకుని తెల్లగా వెలిగింది. పక్క గదుల్లో కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. వీధి మొత్తం సంబరంగా అరుస్తోంది.

మహిత వంగినది వంగినట్టే ఆగిపోయింది. తర్వాత పక్కకు ఒరిగి నీళ్లలో పడింది.

గోడ వారగా మోటారు తీగ నీళ్లలో మునిగి ఉందని తర్వాత చెప్పారు. ఆ క్షణాన మాకేమీ తెలియదు. ప్రవీణ్ దూకబోయాడు. చంద్రకాంత్ వెనక నుంచి నడుం పట్టుకుని లాగాడు. "వద్దురా, నీళ్లల్ల కరెంటున్నది, వద్దురా!" ప్రవీణ్ తన్నాడు, కొరికాడు. చంద్రకాంత్ వదల్లేదు. అరుణమ్మ మెయిన్ స్విచ్ దగ్గరికి పరిగెత్తింది. అది ఇంటికి ముందువైపు ఉంది. ఆమె వెళ్లి ఆపేదాకా మేం అక్కడే నిలబడి చూశాం. అంతకన్నా చేయడానికి లేదు. మహిత వేళ్లు నీళ్ల పైన కదులుతున్నాయి. విజిల్ రంధ్రాలు మూసి తెరిచినట్టు... ఒకటి తర్వాత ఒకటి. ఆ వేళ్లు ఏ పాట వాయిస్తున్నాయో నాకు తెలుసు.

ఆస్పత్రిలో వాళ్లకు చేయడానికి ఏమీ మిగల్లేదు.

మర్నాడు భానూర్ తీసుకెళ్లారు. ప్రవీణ్ వాళ్లది పెద్ద రైతు కుటుంబం, ఊరంతా వచ్చింది. ఇంటి ముందు ఆడవాళ్లు గుంపుగా కూర్చున్నారు. నడిమధ్యలో ప్రవీణ్ నాయనమ్మ దేవమ్మ. అంతమంది ఉన్నారు. ఏడుపు లేదు.

మొదట అందరూ దిగ్భ్రాంతిలో ఉన్నారనుకున్నాను. కాదు. దేవమ్మ నోరు తెరిచింది, గుండె మీద కొట్టుకుంది, మెడ నరాలు తేలాయి. గాలి తప్ప ఏమీ రాలేదు. పక్కనున్న కోడళ్లు అందుకోబోయారు. వాళ్లకూ అంతే. మహిత తల్లి కూతురి ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని పిలవాలని చూస్తోంది. పెదవులు కలిసి విడుతున్నాయి. పేరు రావడం లేదు. అంతమంది ఆడవాళ్లు నోళ్లు తెరిచి, చప్పుడు లేకుండా, ఊగుతూ కూర్చున్నారు. చెట్టు మీద కాకి రెక్క విదిలిస్తే అందరికీ వినపడింది.

నేను దగ్గరకు వెళ్తే దేవమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"మాటలొస్తలేవు బిడ్డా," అని గుసగుసగా అంది. "దీనికోసం ఏడ్వాల్సిందంత ఎవలో ఏడ్చిపోయిన్రు. మాకేం మిగల్చలే."

ఏడుపు లేకుండానే తీసుకెళ్లారు.

ప్రవీణ్ పనికి వెళ్లడం మానేసి, తలుపు వేసుకుని గదిలోనే ఉంటున్నాడు. ఫోన్ చేస్తే ఎత్తుతాడు, మాట్లాడడు. చంద్రకాంత్ ఆ కంపెనీ కాపలా వేరేవాళ్లకు అప్పజెప్పాడు. నా వయొలిన్ కోసం ఎవరినీ పంపమని నేను అడగలేదు. డెక్లన్‌కు నేనే చెప్పాను. అంతా విని అతను, "మాటలు పోయాయనే మా పెద్దవాళ్లు చెప్పేవారు. ఎక్కడికి పోయాయో ఎవరూ చెప్పలేదు," అన్నాడు. ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేయలేదు.

ఇది జరిగి నెల అవుతోంది. నేను, అమ్మ, టౌన్‌షిప్ పక్కన ఫ్లాటులో ఉంటాం. అమ్మ పేరు వెంకటరమణమ్మ. భీమవరం వైపు మనిషి. నాన్నగారి ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడ ఇన్నేళ్లున్నా, అమ్మ నోట ఇక్కడి యాస ఒక్క ముక్క పలకదు. కూరగాయల బండివాడితో కూడా ఆమెది ఆ ఊరి మాటే.

ఈ మధ్యాహ్నం భోజనం చేసి అమ్మ సోఫాలో నడుం వాల్చింది. నేను వంటింట్లో చట్నీకి పల్లీలు వేయిస్తున్నాను. బయట ఎండ కాస్తోంది. హాల్లోంచి సన్నగా ఏదో వినపడితే టీవీ అనుకున్నాను. టీవీ ఆపే ఉంది.

అమ్మ నిద్రలో ఉంది. కళ్లు మూసే ఉన్నాయి. ముక్కులోంచి తీస్తున్నట్టు, మెల్లగా...

"ఓ కొడకా... ఎంత పని జేస్తివి కొడకా... తలుపేసుకొని ఎందుకు పంటివి కొడకా..."

మా అమ్మకు కొడుకులు లేరు.

భుజం పట్టి కుదిపాను. లేవలేదు. చెంపల మీద నీళ్లు చల్లాను. గొంతు పెరిగింది. వరస చివరికొస్తోంది. ఆ వరస నా చేతులకు తెలుసు. ఇంక ఒక్క ఊపిరి. ఆ తర్వాత పేరు వస్తుంది.

"ఓ కొడకా... ఓ నా..."

వంటింట్లోకి పరిగెత్తి మిక్సీ ఆన్ చేశాను. ఖాళీ జార్. చెవులు చిల్లులు పడే చప్పుడు. గుమ్మంలోంచి హాల్లోకి చూశాను. అమ్మ పెదవులు ఆగాయి. హమ్మయ్య అనుకుని మిక్సీ కట్టేశాను. కట్టేయగానే, ఆగిన చోటు నుంచే...

"ఓ నా..."

మళ్లీ వేశాను.

పెదవులు ఆగాయి. సగం తెరిచే ఉన్నాయి.

మోటారు వేడెక్కి కాలిన వాసన వస్తోంది. నా వేలు స్విచ్ మీదే ఉంది. అమ్మ ఇంకా నిద్రలోనే ఉంది... తల మాత్రం వంటింటి వైపు తిప్పి, చప్పుడు ఎప్పుడు ఆగుతుందా అని ఓపిగ్గా వింటోంది.